పొడి వేయని దాణా

కోపంతో వెళ్లిపోయిన అత్తయ్యకు, ఇంకా కోపంగానే ఉన్న కోడలు రాస్తున్నది.

కూతురింటికి వెళ్లాక మీరు ఫోను ఎత్తడం లేదు. ఎత్తితే మాత్రం ఏముంది, మీరు మాట్లాడతారు, నేను వింటాను. నేను నోరు విప్పేలోపు ఫోను వదిన చేతిలో పెట్టేస్తారు. అందుకే కాగితం తీసుకున్నాను. ఉత్తరానికి మధ్యలో అడ్డం తగలడం కుదరదు. చింపేయవచ్చు. కాని మీ సంగతి నాకు తెలుసు, చింపేముందు చదువుతారు.

మీరు అడగరు, కాని తెలుసుకోవాలని ఉంటుంది కాబట్టి ముందు అవి చెబుతాను. మచ్చల తల్లి పంది ఈనింది. పిల్లలన్నీ నిక్షేపంగా ఉన్నాయి, ఒక్కటి మాత్రం అందరికంటే చిన్నది, పాల కోసం అందరికంటే ఎక్కువ గోల చేస్తుంది. నీళ్ల మోటారు మళ్లీ మొరాయిస్తోంది. మీరు తన్నినట్టే తన్నాను, నా తన్నుకు కదల్లేదు. మీ అబ్బాయి లారీతో వెళ్లిన చోట సరుకు దించి, ఇంకో లోడు ఎత్తుకుని ఇంకా దూరం వెళ్లారు. మీరు వెళ్లిపోయారని చెబితే "మీ ఇద్దరి మధ్యకు నేను రాను" అన్నారు. ఎప్పుడు వచ్చారు గనక.

ఆ రోజు జరిగింది మీరు వదినకు మీ పద్ధతిలో చెప్పే ఉంటారు. నేను నా పద్ధతిలో చెబుతాను. పాలు మాన్పించిన పిల్లల గదిలో నేను దాణా కలుపుతున్నాను. మీరు వచ్చి తొట్టిలో వేళ్లు పెట్టి, నలిపి, వాసన చూశారు.

"పొడి కలపలేదా?"

"లేదు."

"అయిపోయిందా? కొత్త సంచి విప్పు మరి."

"సంచి ఉంది. వేయను."

మీరు ముందు నవ్వారు. నేను నవ్వకపోయేసరికి మీ మొహం మారింది. "పాలు మానిన పిల్లకు ఆ పొడి పడకపోతే ఏమవుతుందో నీకు తెలుసా? నేను చూశాను. నువ్వు చూడలేదు."

"చూస్తాను."

"నా పిల్లల మీదా నీ ప్రయోగాలు?"

"మీవీ కాదు, నావీ కాదు. వాటి తల్లివి" అన్నాను. పొగరుగానే అన్నాను. మీరు చేతిలోని నీళ్ల గొట్టం అక్కడే పడేసి, చేతులు కూడా కడుక్కోకుండా బట్టలు సర్దుకున్నారు. మలుపు దగ్గర బస్సు వచ్చేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నారు, నేను ఆపుతానేమోనని. ఆపలేదు. ఇప్పుడు కూడా ఈ ఉత్తరం మిమ్మల్ని రమ్మనడానికి రాయడం లేదు. ఎందుకు వేయనన్నానో చెప్పడానికి రాస్తున్నాను. ఆ రోజు మీరు ఎందుకని అడగలేదు.

ఆ పొడి ఏం చేస్తుందో నాకు నేర్పింది మీరే. తల్లి పాలు మాన్పించగానే పిల్లకు కడుపు తిరగబడుతుంది. గట్టి దాణా అరగదు, పారుకుంటుంది, వెన్నెముక బయటపడుతుంది, ఎదగడం ఆగిపోతుంది. పొడి కలిపితే ఇవేమీ ఉండవు. దాణా తియ్యటి వాసన వేస్తుంది, పిల్లలు ఎగబడి తింటాయి, చూస్తుండగానే బుగ్గలు నిండుతాయి. కాదనడం లేదు. అయితే అందులో ఉన్నది మందు, అత్తయ్యా. మనుషులకు జబ్బు చేస్తే ఇచ్చే మందులకు చెల్లెలు లాంటి మందు. జబ్బు ఉన్న దానికీ లేని దానికీ, ప్రతి పిల్లకూ, ప్రతి విడతలోనూ మనం తినిపించాం.

నా ఎడమచేతి చిటికెన వేలు ఎలా పోయిందో మీకూ నాకూ తప్ప ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు. కాలువ సందులో ఇరుక్కున్న పిల్లను లాగుతుంటే కరిచింది. వాటి పళ్లు సూదుల్లా ఉంటాయని తెలిసి కూడా తొడుగు వేసుకోలేదు. చిన్న గాటు. పసుపు రంగు మందు రాసుకుని పనిలో పడ్డాను. తర్వాత చేయి మోచేతి దాకా ఉబ్బింది. ఆసుపత్రిలో ఒక మందు ఇచ్చారు, లొంగలేదు. ఇంకోటి ఇచ్చారు, లొంగలేదు. జ్వరంలో నేను ఏదేదో వాగుతున్నానని మీరే చెప్పారు. చివరికి చేయి దక్కాలంటే వేలు తీసేయాలన్నారు.

మీరు టీ తేవడానికి కిందికి వెళ్లినప్పుడు ఆ డాక్టరు నన్నొక మాట అడిగాడు. "మీ పందుల దాణాలో ఏమైనా మందు కలుపుతారా?" కలుపుతామని చెప్పాను. పేరు అడిగితే సంచి మీద ఉన్నది చెప్పాను. "దీనివల్లే మీకిలా అయిందని నేను రాసివ్వలేనమ్మా. కాని రోజూ అదే మందు తిని అలవాటు పడ్డ క్రిములు, నేను ఇస్తే మాత్రం ఎందుకు చస్తాయి?" అన్నాడు. ఆ మాట నా బుర్రలో పాతుకుపోయింది.

అది మీకు చెబుదామనుకునే లోపు మీరే పైకొచ్చి, మంచం మీద నా పక్కన కూర్చుని, నా తల నిమురుతూ అన్నారు. "ఎవరడిగినా తలుపులో పడి నలిగిందని చెప్పు. పందులంటేనే జనం ముక్కు మూసుకుంటారు, వాటివల్ల రోగం వచ్చిందంటే మన గడప తొక్కరు. మన పందుల్ని కొనే కంపెనీవాళ్లు ఈ వారంలోనే ఒప్పందం కాగితాలు తిరగరాస్తున్నారు." సరేనన్నాను. ఒంట్లో ఓపిక లేదు, మీ చెయ్యి చల్లగా ఉంది.

కాని మీ అబ్బాయికి కూడా అదే చెప్పాల్సి వస్తుందని నేననుకోలేదు. ఆయన వచ్చి, కట్టు చూసి, "తలుపు వేసేటప్పుడు చూసుకోవద్దా? నీ ధ్యాస ఎప్పుడూ ఎక్కడుంటుంది?" అన్నారు. మీరు గుమ్మంలోనే కూర్చుని గింజలు ఏరుతున్నారు. తల ఎత్తలేదు. నేను మీ వంక చూశాను, మీరు ఏరుతూనే ఉన్నారు. వేలు పోయినందుకు ఏడవలేదు అత్తయ్యా. అందుకు ఏడ్చాను, కొట్టంలోకి వెళ్లి, మోటారు వేసుకుని.

కాబట్టి పొడి వేయను. మీరు తిరిగొచ్చినా వేయను, రాకపోయినా వేయను.

మీ కోడలు

•

పలకని అత్తయ్యకు, వదలని కోడలు రాస్తున్నది.

జవాబు రాయలేదు. రాస్తారనుకోలేదు కూడా. అయినా ఇక్కడ ఏం జరిగిందో మీకు చెప్పకుండా ఉండలేను. ఇంకొకరి నోట వింటే ఒకటికి రెండు కలుస్తాయి.

మీరు చెప్పినట్టే జరిగింది. పొడి మాన్పించిన విడతలో పిల్లలు పారుకున్నాయి. మొదట మూలనున్న గదిలో, తర్వాత దాని పక్కదాంట్లో. తోకల కిందంతా తడి, కళ్లు లోపలికి పోయి, ఒకదాని మీద ఒకటి పడి వణుకుతూ పడుకున్నాయి. కొన్ని చచ్చిపోయాయి. ఎన్నని అడగకండి, మీకు ఎన్నయినా ఎక్కువే, నాకూ అంతే. మొదటిదాన్ని తీసి పాతిపెట్టాక సంచి దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. మూతి తాడు మీద చెయ్యి వేశాను కూడా. ఒక్క డబ్బా కలిపితే రేపటికి సర్దుకుంటాయి. మీకెలాగూ తెలియదు. వేలు లేని చోట ఆ తాడు సరిగ్గా పట్టు చిక్కలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. సంచిని అలాగే ఈడ్చుకెళ్లి పనిముట్ల గదిలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి పశువుల డాక్టరమ్మ చేతిలో పెట్టొచ్చాను.

ఆవిడ నన్ను పొగుడుతుందనుకున్నాను. నెత్తి మీద మొట్టినంత పని చేసింది. "పొడి తీసేసి, మిగతావన్నీ ఎప్పట్లాగే ఉంచావా? ఇంకేం, చావక ఏం చేస్తాయి?" అంది. నా వెంటే స్కూటరు మీద వచ్చి కొట్టమంతా తిరిగి చూసింది. నేల మీద అరచెయ్యి పెట్టి, "నువ్వు ఇక్కడ పడుకుంటావా?" అని అడిగింది. పడుకోను. తడి, చలి.

ఆవిడ చెప్పినవి ఒక్కొక్కటే చేశాను. పిల్లల్ని ఇంకాస్త పెద్దయ్యేదాకా తల్లి దగ్గరే ఉంచుతున్నాను. పాలు మాన్పించేటప్పుడు పిల్లల్ని కాదు, తల్లిని వేరే గదిలోకి తోలుతున్నాను, అప్పుడు పిల్లలకు అలవాటైన చోటు తప్పదు. ఒక తల్లి పిల్లల్ని ఇంకో తల్లి పిల్లలతో కలపడం లేదు, కొట్టుకు చావకుండా. చెక్కపొట్టు పరిచాను, వెచ్చగా ఉండేందుకు ఎర్రబల్బులు కిందికి దించాను. దాణాను గోరువెచ్చటి నీళ్లలో జావలా కలిపి, కొంచెం కొంచెం, మాటిమాటికీ పెడుతున్నాను. నీళ్లలో వేయమని ఒక పులుపు ద్రావకం ఇచ్చింది, కడుపులో పులుపు పెరిగితే చెడ్డ క్రిములకు చోటు తగ్గుతుందట. చూశారా, దాణాలో, నీళ్లలో ఏమీ కలపనని నేను భీష్మించుకోలేదు. బాగా జబ్బుపడ్డ పిల్లలకు సూది కూడా వేయించాను. జబ్బు చేసినదానికి మందు వేస్తాను. ఆడుకుంటున్నదానికి వేయను. నా మొండితనమంతా అంతే.

పారుడు తగ్గింది. పూర్తిగా పోలేదు. మీ పొడితో పెరిగినంత తొందరగా పెరుగుతున్నాయా అంటే లేదు. ఒకటి బంతిలా ఉంటే దాని పక్కది కర్రలా ఉంది. నేను మాత్రం జావ బకెట్టు మోసి మోసి, సాయంత్రానికి నా నడుము నాది కాకుండా పోతోంది. మీ దగ్గర గొప్పలు చెప్పుకోవడానికి నా చేతిలో ఏమీ లేదు. అయినా వేయను.

నిన్న మెడగుండీ వచ్చాడు. ఎండలు మండిపోతున్నా కంపెనీ చొక్కాకు మెడ దాకా గుండీ పెట్టుకునే మనిషికి మీరు పెట్టిన పేరు బాగా అతికింది. దాణా అమ్మేదీ వాళ్లే, పెరిగిన పందుల్ని కొనేదీ వాళ్లే కాబట్టి మన కొట్టంలోకి సొంతింట్లోకి వచ్చినట్టు వస్తాడు. పిల్లల్ని కాటా ఎక్కించి, దిగింది దిగినట్టు పెదవి విరిచాడు.

"పోయిన విడత కంటే చిన్నగా ఉన్నాయండి."

"అవును."

"ఎదుగుదల లేకపోతే కంపెనీ ఎత్తదు. మీకు తెలియనిదా."

"ఎదుగుతున్నాయి. మీ తొందరకు ఎదగడం లేదు."

"పొడి ఎందుకు ఆపేశారు?"

"నాకిష్టం లేదు."

అతను నవ్వాడు. "ఇష్టాయిష్టాల మీద వ్యాపారం నడవదు కదండీ. అత్తగారున్నప్పుడు ఇలాంటి మాటలు వినలేదు."

"అత్తగారు లేరు. నేనున్నాను."

నా చేతి వంక చూశాడు. జావ పట్టిన చెయ్యి, నాలుగు వేళ్లతో. చెప్పేద్దామనుకున్నాను. మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. భయపడి కాదు. మీ అబ్బాయి కంటే ముందు ఈ మనిషి వినడం నాకిష్టం లేదు.

అందుకే ఇప్పుడే చెబుతున్నాను. ఆయన వచ్చే వారం వస్తున్నారు. వచ్చాక కూర్చోబెట్టి, వేలు సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. మీ గురించి చెడ్డగా చెప్పను, జరిగింది చెబుతాను. ఈలోపు మీ నోటితో మీరే చెబుతానంటే చెప్పండి, కొడుకు మీ వాడు. లేదంటే నేనే.

మీ కోడలు

•

అత్తయ్యకు,

ఇప్పుడే వదిన ఫోను చేసింది. మెడగుండీ కాగితాలు పట్టుకుని రేపు అక్కడికి వస్తున్నాడట, కొట్టం మొత్తం కంపెనీకి కౌలుకు ఇచ్చేలా మీతో మాట్లాడడానికి. వాళ్ల మనుషుల్ని పెట్టి వాళ్లే నడుపుకుంటారట, మీరు కాలు మీద కాలేసుకుని కూర్చోవచ్చట. "అమ్మ ఏమీ అనడం లేదు, గోడ వంక చూస్తోంది" అంది వదిన. మీరు గోడ వంక చూస్తున్నారంటే సగం ఒప్పుకున్నారని నాకు తెలుసు.

ఇది రేపటి లోపు మీకు చేరదు. వదినకు ఫోనులో చదివి వినిపించమని చెప్పవచ్చు, కాని ఇది మీతో చెప్పే మాట, మూడో మనిషి గొంతులో వినిపించడం నాకు వద్దు. మీరు సంతకం పెట్టాకే చదువుకోండి, పరవాలేదు.

కొట్టం మీది. ఒక్క తల్లి పందితో మొదలుపెట్టి, హోటళ్ల వెనక మిగిలిన కూడు మోసుకొచ్చి, మామయ్య పోయాక ఇద్దరు పిల్లల్ని దాని మీదే పెంచారు. ఇటుకలు మీ చేత్తో మోశారు. అమ్ముకున్నా, ఎవరికి రాసిచ్చినా అడిగే హక్కు నాకు లేదు. అడగను. కాని ఆ కాగితంలో కోడలిని కూడా కలిపి రాసివ్వడం కుదరదు. వాళ్ల మనుషుల కింద ఆ పొడి కలిపే పనికి నేను నిలబడను.

రొట్టెల బట్టీ వెనక ఒక పాత కొట్టం ఖాళీగా పడి ఉంది. కప్పు కారుతుంది, గోడలు గట్టివే. పొద్దున వెళ్లి బట్టీ ఆయనను అడిగొచ్చాను. "పందులా? వాసన రాదూ?" అన్నాడు. "మీ రొట్టెల వాసన వాటికి వస్తుంది, వాటి వాసన మీకు రాకుండా నేను చూసుకుంటాను" అన్నాను. నవ్వి ఒప్పుకున్నాడు. మాడిపోయిన రొట్టెలు కూడా ఇస్తానన్నాడు. మచ్చల తల్లిని నేను ఈ ఇంటికి వచ్చిన ఏడాది మీరే నా చేతిలో పెట్టారు, అరచేతిలో పట్టేంత ఉండేది. దాన్నీ దాని పిల్లల్నీ తీసుకెళతాను. మిగతావాటి జోలికి రాను.

ఇంకొక్క మాట. మీరు నన్ను ఎన్నో అన్నారు, నేనూ అన్నాను. కాని పందిపిల్ల నీరసంగా ఉందో, మొండికేసిందో కళ్లు చూసి చెప్పడం నాకు నేర్పింది మీరు. పుట్టగానే ఊపిరి తీయని పిల్లను కాళ్లు పట్టుకుని ఊపి బతికించడం నేర్పింది మీరు. అవన్నీ నాతో పట్టుకెళుతున్నాను. అవి తిరిగివ్వమంటే కుదరదు.

మీ కోడలు

•

అమ్మాయ్,

నీ మూడు ఉత్తరాలూ అందాయి. మొదటిది చింపాను. చదివాకే. మళ్లీ ముక్కలు ఏరి అతికించి మీ వదిన చూడకుండా పెట్టె అడుగున దాచాను. నా చేతిరాత నీకు తెలిసిందే, కోడి గీకినట్టుంటుంది, కూడబలుక్కుని చదువుకో.

మెడగుండీ వచ్చాడు. కుర్చీ వేశాం. కాగితాలు తీసి నా ముందు పరిచాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. నిజం చెప్పాలంటే నాకు ఇవ్వాలనే ఉంది. మోకాళ్లు అరిగిపోయాయి, నీ మీద కోపం ఉంది, గొడవ వదిలిపోతుంది అనుకున్నాను. కలం నా చేతికి కూడా వచ్చింది. అప్పుడు వాడు ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. "మీ కోడలిగారి చేతిలో పెడితే కొట్టం నాశనమైపోతుందండీ. తలుపు వేసుకోవడం చేతకాక వేలు పోగొట్టుకున్న మనిషి, అన్ని జీవాల్ని ఏం చూసుకుంటుంది?" అన్నాడు.

ఆ మాట నాది. నేను పుట్టించి, నీ నోట్లో పెట్టిన మాట. అది ఊరంతా తిరిగి, గుండీలు పెట్టుకుని, నా కూతురింటికొచ్చి నా ఎదురుగా కూర్చుని నిన్ను చేతకానిదానివంటోంది. అమ్మాయ్, నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఆ రోజు గుమ్మంలో గింజలు ఏరుతున్నప్పుడు కూడా నాకు ఇలాగే అయింది. అప్పుడు తల దించుకున్నాను. ఈసారి దించలేదు.

"తలుపు కాదు" అన్నాను.

"ఏంటండీ?"

"తలుపులో పడలేదు. నా కొట్టంలో పిల్ల కరిచింది. మీ పొడి తిని పెరిగిన పిల్ల. పుండు ఏ మందుకూ లొంగలేదు, వేలు తీసేశారు. తలుపని చెప్పమన్నది నేను."

వాడి మొహంలో రంగు పోయింది. మీ వదిన చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. వాడు తేరుకుని, "అలా బయట అనకండి, కంపెనీ పేరు పోతుంది" అన్నాడు. "మీ పేరు నేనెందుకు ఎత్తుతాను, నాకు నా పేరుంది. నా కోడలికి వేలు పోయింది, మందు పెట్టి పెంచడం మానేశాం అని చెప్పుకుంటాను. ఎవరడిగినా చెబుతాను, అడగకపోయినా చెబుతాను" అన్నాను. "అయితే మీ పందులు ఇక మాకొద్దు" అన్నాడు. "కాగితాలు ఎగిరిపోతున్నాయి, తీసుకోండి" అన్నాను. అదీ సంగతి. ఇక కొనేవాడు లేడు. నీ మొండితనం వల్ల కొంత, నా నోటి వల్ల కొంత.

ఇప్పుడు పొడి గురించి. నేను మారిపోయానని సంబరపడకు. నువ్వు దాన్ని విషం అన్నట్టు రాశావు. ఆ పొడి రాకముందు పాలు మానిన పిల్లల్ని నేనెలా బతికించుకున్నానో నీకు తెలియదు. నువ్విప్పుడు చేస్తున్నవన్నీ నేనూ చేశాను. చెక్కపొట్టు పరవడం, జావ కాయడం, మాటిమాటికీ పెట్టడం. ఒక చంకలో మీ వదిన, ఇంకో చేత్తో జావ బకెట్టు. పొడి వచ్చాక ఆ చాకిరీ అంతా పోయింది. అది నాకు ఒక కూలిమనిషి. నేను కునుకు తీస్తుంటే అది పని చేసేది. నేను దాన్ని నమ్మింది తెలివితక్కువతనంతో కాదు, ఒళ్లు అలిసిపోయి. నువ్వు ఆ కూలిమనిషిని వెళ్లగొట్టావు సరే, దాని పనంతా నీ నడుము మీద వేసుకున్నావు. ఒక్కదానివి ఎన్నాళ్లు మోస్తావు? ఆ లెక్క నువ్వు వేసుకోలేదు. ఇంకా వయసులో ఉన్నావు, తెలియదు.

జావ పల్చగా చేస్తున్నట్టున్నావు. ఒకటి బంతిలా, ఒకటి కర్రలా ఉన్నాయంటే అదే. బలమున్నవి అడుగున ఉన్నదంతా లాగేస్తాయి, నీరసంగా ఉన్నవాటికి పైనీళ్లు మిగులుతాయి. చెంచా నిలబడేంత చిక్కగా కలుపు. పొడుగు తొట్టి పెట్టు, అన్నీ ఒకేసారి మూతి పెట్టేలా. ఆ డాక్టరమ్మకు ఇది తెలియకపోవచ్చు, నేను పెంచాను కాబట్టి నాకు తెలుసు. మిగతావి ఆవిడ చెప్పినవి బాగానే ఉన్నాయి. తల్లిని తోలి పిల్లల్ని అక్కడే ఉంచడం నాకెప్పుడూ తట్టలేదు.

కొనేవాడి సంగతి నాకు వదిలెయ్. కంపెనీ రాకముందు సంతలో మాంసం కొట్లవాళ్లతో బేరమాడి అమ్మింది నేనే. వాళ్లలో సగం మంది పోయారు, వాళ్ల కొడుకులున్నారు. మన పందులు ఆలస్యంగా బరువెక్కుతాయని ముందే చెబుతాను, ఎందుకో కూడా చెబుతాను. కొందరు మొహం తిప్పుకుంటారు. తిప్పుకోనీ. నీకు పెంచడం వచ్చు, అమ్మడం రాదు. ఎవరైనా "చిన్నగా ఉన్నాయి" అంటే "అవును" అని ఊరుకుంటావు. అలా అమ్మకూడదు.

బట్టీ వెనక కొట్టం వదలకు. కప్పు వేయిద్దాం. ఈనే తల్లుల్ని అక్కడ పెడితే వాటికి తడి లేని చోటు దొరుకుతుంది. ఇంటి దగ్గరి కొట్టం మాత్రం నా పేరునే ఉంటుంది. కోడలికి రాసిచ్చేస్తానేమోనని ఎదురుచూడకు, ఇంకా బతికే ఉన్నాను.

మీ ఆయనకు నేనే ఫోను చేసి చెప్పాను, మొత్తం. లారీ పక్కకు ఆపినట్టున్నాడు, బండ్లు దూసుకుపోతున్న చప్పుడు వినబడుతోంది. "నాతో ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు. "నువ్వు ఎందుకు సరిగ్గా అడగలేదురా?" అన్నాను. వాడు ఇంటికి వచ్చి నీ ముందు కూర్చుని ఏడుస్తాడు, నా కొడుకు సంగతి నాకు తెలుసు. ఏడవనీ. నువ్వు పని ఆపుకుని ఓదార్చకు. చేతికి జావ బకెట్టు ఇవ్వు.

నేను రేపటి బస్సుకు వస్తున్నాను. మలుపు దగ్గరికి ఎదురు రావద్దు, సామాను నేనే మోసుకుంటాను. క్షమించమని అడుగుతానని కూడా అనుకోకు. అడిగితే నువ్వు సరేనంటావు, ఆసుపత్రిలో అన్నట్టే, మెత్తగా. నాకు ఆ సరే వద్దు. నీకు నా మీద కోపం ఉండనీ, ఎన్నాళ్లుంటే అన్నాళ్లు. నేను ఎదురుగా ఉన్నప్పుడే కోప్పడు, ఫోనులోనూ కాగితం మీదా కాదు. నేను జవాబు చెబుతాను. అరుచుకుందాం, చేయాల్సిన పని చేసుకుందాం.

అత్త